ఒక్కసారి చెప్పిన అంకె

ఊళ్ళో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ వానమ్మే. కొండ కింద, ఊరి చివర ఉన్న వాతావరణ కేంద్రంలో ఉద్యోగం చేస్తున్న పాపానికి ఊరి మీద పడే ప్రతి చినుక్కీ ఆవిడే జవాబు చెప్పుకోవాలి. ఆరేసిన బట్టలు తడిస్తే ఆవిడ తప్పు. ఇంటి మీద రేకు లేచిపోతే ఆవిడ తప్పు. "ఏం వానమ్మా, ఆ ముక్కేదో నిన్ననే చెప్పి చావొచ్చుగా?" అని రొట్టెల కొట్టు పెద్దాయన నడివీధిలో గద్దించిన రోజులున్నాయి. "నేను కొలిచేదాన్నే బాబాయ్, కురిపించేదాన్ని కాదు" అని ఆవిడ పదకొండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. వింటే కదా!

ఆకులన్నీ రాలిపోయి, ఇక చలికాలం గుమ్మంలో అడుగు పెట్టబోతోందనగా ఆ తుఫాను వచ్చింది. రెండు రోజులు కొండను పట్టుకుని దులిపేసింది. కొట్ల బోర్డులు ఊడిపడ్డాయి, కరెంటు తీగలు తెగాయి, స్కూలు మూసేశారు. మూడో రోజు తెల్లవారేసరికి ఎవరో గట్టిగా కసిరినట్టు ఠక్కున ఆగిపోయింది. ఊరంతా రేకులు ఏరుకునే పనిలో పడింది. వానమ్మకు రేకులూ పట్టలేదు, తీగలూ పట్టలేదు. ఆవిడది ఒకటే ధ్యాస. ఇలాంటి ఆఖరి తుఫాను వెళ్ళాక కొండకు రెండు మూడు రోజులు తెరిపి ఉంటుంది. రెండు రోజులు ఖాయం, మూడోది అదృష్టం. ఆ తర్వాత అసలు మంచు దిగుతుంది, దారి ఐదు నెలలు మూసుకుపోతుంది. ఈలోగా ఆయన కిందికి రావాలి.

ఆయనంటే వానమ్మ భర్త. కొండ మీద, కనుమ దగ్గర ఇంకో వాతావరణ కేంద్రం ఉంది. అక్కడ కొలిచేది ఆయన. వసంతంలో మంచు కరగ్గానే పైకి ఎక్కుతాడు. మంచు పడే ముందు ఆఖరి బండిలో చలికాలం మనిషి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటే, అదే బండిలో ఈయన దిగుతాడు. బండి వెళ్ళకపోతే దిగడం లేదు. అంతే లెక్క.

లోకమంతా చలికాలాన్ని తిట్టుకుంటుంది. వానమ్మకు మాత్రం ఏడాదిలో బతికినట్టుండేది ఆ ఐదు నెలలే. ఆయన టీ పెడితే పానకంలా ఉంటుంది, గురక పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి, తడి తువ్వాలు తెచ్చి సరిగ్గా మంచం మీదే పడేస్తాడు. వేసవి వచ్చేసరికి ఆ తడి తువ్వాలు మీద కూడా బెంగ పుడుతుంది. మంచంలో ఆయన పక్కన మడత బట్టలు పేర్చి పెట్టుకుంటుంది, ఖాళీ కనపడకుండా. మనిషి కావాలి ఆవిడకు. ఇందులో దాచుకోవడానికేముంది, పదకొండేళ్ళ కాపురం తర్వాత కూడా మొగుడంటే అంత ఇష్టం ఆవిడకు.

మరి రోజూ మాట్లాడుకోరా అంటారా? మాట్లాడుకుంటారు, పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం రెండుకీ, వైర్‌లెస్ సెట్టులో. కానీ పైన బ్యాటరీ అంతంతమాత్రం. అందుకని ఆఫీసు వాళ్ళ రూలు: అంకెలు తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడకూడదు. "కింది స్టేషన్, వింటున్నారా?" అంటాడాయన. "వింటున్నాను, పై స్టేషన్, చెప్పండి" అంటుందీవిడ. ఉష్ణోగ్రత, పీడనం, ఎంత దూరం కనిపిస్తోంది, చివర్న గాలి. ఈవిడ రిజిస్టర్‌లో రాసుకుంటుంది. మొగుడూ పెళ్ళాల కబుర్లు అయిపోయాయి.

ఇక్కడే ఒక పాడు పని చెప్పాలి. మూడు వారాల కిందట జరిగింది.

బండి పైకి వెళ్ళాలంటే పొద్దున ఎనిమిదికి పైన సున్నా కంటే వేడి ఉండాలి, గాలి వేగం గంటకు నలభై కిలోమీటర్ల లోపు ఉండాలి. రిజిస్టర్ చూసి రోడ్ల ఇంజనీరు సంతకం పెడతాడు. ఆ రోజు చలికాలం మనిషి పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. పైనుంచి ఆయన సెట్టులో "మైనస్ ఒకటి" అన్నాడు. వానమ్మ చెయ్యి "ప్లస్ ఒకటి" అని రాసింది. చెయ్యి రాసింది అంటున్నాను గానీ, ఆవిడే రాసింది. ఒక్క డిగ్రీకి కొంపలంటుకుంటాయా, గంటలో ఎండ వస్తుంది కదా అనుకుంది. కొంపే అంటుకుంది. తొమ్మిదో మలుపులో కనపడని గడ్డ మంచు మీద బండి జారి పిట్టగోడకు కొట్టుకుంది. డ్రైవరుకు నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. సామాను లోయలోకి దొర్లిపోయింది. గోడ కట్టడానికి మూడు వారాలు పట్టింది. చలికాలం మనిషి పెట్టె మోసుకుని ఉసూరుమంటూ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ నోరు విప్పలేదు. రిజిస్టర్‌లో ప్లస్ ఉంది కాబట్టి అడిగినవాళ్ళూ లేరు. ఊరు మాత్రం డ్రైవరుకు నిద్ర డ్రైవరని పేరు పెట్టి కూర్చుంది. పైన ఉన్న ఆయనకు తెలుసు. తాను మైనస్ చెప్పిన రోజున బండి ఎందుకు బయలుదేరిందో ఊహించలేనంత అమాయకుడు కాడు. ఒక్క మాటా అడగలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ప్రతి అంకె రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాడు. "ప్లస్ రెండు. ప్లస్ రెండు." "గాలి పదిహేను. గాలి పదిహేను." చెంప మీద రెండు దెబ్బలు వేసినా ఆవిడకంత నొప్పి ఉండేది కాదు.

సరే, తుఫాను వెలిసిన పొద్దున ఊళ్ళో పొగమంచు పట్టేసింది. ఎదుటింటి తలుపు కనపడదు. వానమ్మ వాకిట్లోని థర్మామీటరు మైనస్ మూడు చూపిస్తోంది. ఎనిమిదికి సెట్టు గురగురలాడింది.

"ఉష్ణోగ్రత ప్లస్ ఐదు. ప్లస్ ఐదు."

వానమ్మకు ప్రాణం లేచొచ్చింది. రిజిస్టర్ చంకన పెట్టుకుని ఇంజనీరు ఆఫీసుకు దాదాపు పరిగెత్తింది. ఇంజనీరు మొన్న ఎండాకాలంలోనే మైదానం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మంచివాడే గానీ పుస్తకం దాటి అడుగు వేయడు. హీటరు మీద చేతులు కాచుకుంటూ రిజిస్టర్ వైపు చూశాడు.

"కింద మైనస్ మూడు, పైన ప్లస్ ఐదా? ఏం మేడమ్, నన్ను ఆటపట్టిస్తున్నారా? పైకి పోయేకొద్దీ చల్లబడాలి కదా."

"మామూలు రోజుల్లో అంతే సార్. తుఫాను వెలిశాక గాలి కదలదు. చలి బరువు కదా, రాత్రంతా నీళ్ళలాగా కిందికి జారి ఈ గిన్నెలోకి చేరుతుంది. మనం గిన్నె అడుగున ఉన్నాం. పైన ఎండ కాస్తోంది సార్."

"చెప్పడానికి బాగానే ఉంది. కానీ పోయినసారి కూడా మీ ఆయన ప్లస్ ఒకటనే చెప్పాడు. డ్రైవరు తల పగిలింది. ఆయనకు ఇంటికి రావాలని ఉంటుంది, కాదనను. అలాగని అంకెలు మార్చి చెబితే ఎలా?"

వానమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయన అంకె మార్చడమా! రోజూ థర్మామీటరు మీది చెమ్మ కూడా తుడిచి కొలిచే మనిషి! 'మార్చింది నేను' అన్న మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూలబడింది. ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆ సెట్టు ముందు కూర్చునేది ఇంకెవరో, పొద్దునా మధ్యాహ్నం ఆ గొంతు వినేది ఇంకెవరో. రిజిస్టర్ తీసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం రెండింటికి "ప్లస్ తొమ్మిది. ప్లస్ తొమ్మిది" అన్నాడాయన. పాపం, ఈపాటికి బండి బయలుదేరి ఉంటుందని ఎదురుచూస్తూ ఉంటాడు. బండి రాదని చెప్పడానికి రూలు ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఎందుకు రాదో చెప్పే మొహం ఈవిడకు లేదు. సెట్టు ఆపి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, తిన్నగా డ్రైవరు షెడ్డుకు నడిచింది.

డ్రైవరు బండి కింద దూరి పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే చెప్పుకుంది ఆవిడ. మొహం కనపడకపోవడమే మేలైంది.

"అన్నా, ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. నీ చెయ్యి జారలేదు. పైన మైనస్ ఒకటి ఉంది. ప్లస్ అని రాసింది నేను. ఆయన రావాలని రాశాను."

పానా కింద పడిన చప్పుడైంది. డ్రైవరు బయటికి పాకి వచ్చాడు. నుదుటి మీద మచ్చ ఎర్రగా ఉంది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి.

"మూడు వారాల నుంచి నా పెళ్ళాం నాతో మాట్లాడటం లేదు, తెలుసా నీకు? తాగి నడిపావంటుంది. నేను కూడా అదే అనుకుంటున్నాను, ఏదో కునుకు పట్టుంటుంది, నాకే గుర్తులేదని. చక్రం పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. వానమ్మా, ఇరవై ఏళ్ళ సర్వీసు నాది!"

"తప్పే అన్నా."

"తప్పే అంటే సరిపోయిందా? చచ్చుంటే?"

ఆవిడ తల వంచుకుని నిలబడింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. అతను షెడ్డులో కాలు కాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు. ఒక డబ్బాను తన్నాడు. కాలికి దెబ్బ తగిలి కుంటుతూ రెండడుగులు వేశాడు. ఆ నొప్పికి ఇంకాస్త కోపం వచ్చి అదే డబ్బాను మళ్ళీ తన్నాడు. చివరికి ఆయాసపడుతూ ఆగాడు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఇంజనీరుగారు ఆయన్ని అబద్ధాలకోరు అంటున్నారు. ఆయన నిజమే చెబుతున్నాడు. పైన ఎండ ఉంది."

"నీ మాట నేను నమ్మను."

"నా మాట నమ్మొద్దు. నడిచి వచ్చి కళ్ళతో చూడు."

మర్నాడు ఎనిమిది గంటల రీడింగు అయ్యాక ఇద్దరూ కొండ దారి పట్టారు. వానమ్మ పసుపు శాలువా కప్పుకుంది. పొగమంచులో ఒకరి వెనక ఒకరు. మొదటి మలుపు, రెండో మలుపు. శాలువా అంచు తడిసి ముద్దయింది. మూడో మలుపులో డ్రైవరు "చలి ఎక్కువవుతోందే గానీ..." అని సణిగాడు. నాలుగో మలుపు దాటేసరికి పొగమంచు తెల్లగా వెలగడం మొదలైంది. ఐదో మలుపులో ఒక్కసారిగా తల మీది ముసుగు లాగేసినట్టు నీలం ఆకాశం. ఎండ! వెచ్చటి ఎండ! దారి మీద రాళ్ళు ఎండి ఉన్నాయి. వెనక్కి చూస్తే ఊరు లేదు, లోయ లేదు, పాల మీగడలా పొగమంచు పరుచుకుని ఉంది. డ్రైవరు స్వెట్టరు విప్పి నడుముకు కట్టుకున్నాడు.

వానమ్మ పైకి చూసింది. దూరంగా కనుమ, కనుమ పక్కన మెరుస్తున్న రేకు కప్పు, కప్పు పక్కన తాడు మీద ఎర్రటి చుక్క ఒకటి. ఆవిడ కుట్టి ఇచ్చిన బొంత. ఆయన ఎండకు ఆరేశాడు. ఏడు నెలల తర్వాత ఆయన చేత్తో చేసిన పని ఒకటి కంటితో చూసింది ఆవిడ. గుండె పట్టలేదు. శాలువా తీసి రెండు చేతులతో పైకెత్తి ఊపింది, చిన్నపిల్లలా గెంతుతూ ఊపింది.

"తిన్నగా కొలిచినా నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది," అన్నాడు డ్రైవరు. "కనపడి చస్తుందా?"

"కనపడకపోతే పోనీ అన్నా."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి ఎండ వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "సూర్యుడి చుట్టూ గుడి కడుతోంది, చూశావా?"

"చూశాను." సూర్యుడి చుట్టూ అలా వెలుగు వలయం గుడి కట్టిందంటే గాలీ మంచూ దారిలో ఉన్నట్టే. ఆవిడకు తెలియంది కాదు.

"నిన్ను క్షమించలేదు, గుర్తుపెట్టుకో," అన్నాడు డ్రైవరు. "కానీ రేపు పొద్దున బండి తీస్తాను. ఈ రోజు గొలుసులు బిగించాలి, సామాను ఎక్కించాలి. పైకి ఐదు గంటల దారి, ఇప్పుడు బయలుదేరితే కుదరదు. ముందు ఇంజనీరు దగ్గర ఆ ముక్క నీ నోటితో చెప్పు."

చెప్పింది. ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. "దీని మీద నేను పైకి రిపోర్టు రాయాలి మేడమ్. చలికాలం అయ్యాక విచారణ ఉంటుంది. అప్పటిదాకా రాయడానికి వేరే మనిషి లేడు కాబట్టి మీరే రాయండి." డ్రైవరు బల్ల మీదికి వంగాడు. "పైన ఎండ ఉంది సార్. నేను చూసొచ్చాను." ఇంజనీరు రేపటికి సంతకం పెట్టాడు, ఎనిమిది గంటల అంకెలు బాగుంటేనే అని కింద గీత గీసి మరీ.

రెండింటికి సెట్టు పలికింది. అంకెలు రెండేసి సార్లు వచ్చాయి. అంతా రాసుకున్నాక వానమ్మ సెట్టు ఆపలేదు, మాట్లాడే బటన్ నొక్కింది.

"పై స్టేషన్. మూడు వారాల కిందట మీరు మైనస్ చెబితే ప్లస్ రాసింది నేనే. ఈ రోజు అందరికీ చెప్పేశాను. రేపు బండి వస్తుంది."

గురగుర తప్ప ఏమీ లేదు. తర్వాత "సరే, కింది స్టేషన్" అన్న గొంతు వినిపించి సెట్టు ఆగిపోయింది. ఆ 'సరే'లో ఏముందో వెతుక్కుంటూ ఆవిడ సాయంత్రమంతా ఇల్లు సర్దింది. మంచంలో ఆయన పక్కనున్న మడత బట్టలు తీసి బీరువాలో పెట్టింది. దిండు గలీబు మార్చింది. గంపెడాశ అంటారే, అంత ఆశతో పడుకుంది.

తెల్లవారేసరికి పొగమంచు లేదు. ఊరంతా శుభ్రంగా కనిపిస్తోంది, ఎదుటింటి తలుపు గొళ్ళెంతో సహా. మైదానం వాళ్ళెవరైనా అయితే ఎంత బాగుందో అనుకుంటారు. వానమ్మ వాకిట్లోకి వెళ్ళి తడి వేలు పైకెత్తి చూసింది. గాలి కదలనిదే పొగమంచు పోదు. వాకిట్లో బండి ఇంజను ఆడుతోంది. డ్రైవరు చక్రం పట్టుకుని కూర్చున్నాడు, కబురందుకుని తిరిగొచ్చిన చలికాలం మనిషి వెనక తన పెట్టె మీద కూర్చున్నాడు. అందరూ కిటికీ వైపే చూస్తున్నారు.

ఎనిమిది.

"కింది స్టేషన్, వింటున్నారా?"

"వింటున్నాను, చెప్పండి."

"ఉష్ణోగ్రత ప్లస్ రెండు."

రెండోసారి కోసం కలం పట్టుకుని ఆగింది. రాలేదు. ఆయన పీడనం చెప్పాడు, ఒక్కసారే. ఆవిడ రిజిస్టర్‌లో రాసింది.

"ఎంత దూరం కనిపిస్తోందంటే, ఇప్పుడు మబ్బు దిగింది, అర కిలోమీటరు. నిన్న పదకొండు గంటలకు ఐదో మలుపు దాకా స్పష్టం. దుర్భిణీలో మలుపు దగ్గర ఇద్దరు మనుషులు. ఒకరు పసుపు శాలువా ఊపారు."

వానమ్మ అరచేత్తో నోరు మూసుకుంది. చూశాడు. ఏడు నెలల తర్వాత చూశాడు తనను!

"గాలి," అన్నాడాయన. అని ఆగాడు. ఆ ఆగడంలోనే ఆవిడకు అర్థమైపోయింది. "అరవై రెండు."

సెట్టు గురగురలాడుతోంది. బయట ఇంజను ఆడుతోంది. ఆ అంకె ఈ గదిలో ఆవిడ చెవికి తప్ప ఎవరికీ తెలియదు. ఆరు చోట రెండు వేస్తే ఇరవై రెండు, రాత్రికల్లా ఆయన ఈ మంచం మీద తడి తువ్వాలు పడేస్తాడు. ఇంకోసారి చెబితే బాగుండు, తన చెవే తప్పని తేలితే బాగుండు.

"పై స్టేషన్, గాలి మళ్ళీ చెప్పండి."

"ఎందుకూ?" అన్నాడాయన. రూలు పక్కన పెట్టిన గొంతు అది, ఇంట్లో గొంతు. "ఒక్కసారి చాలు. నువ్వు రాస్తావు."

సెట్టు ఆగిపోయింది.

ఆవిడ రాసింది. ఆరు, పక్కన రెండు. దిద్దడానికి వీల్లేకుండా గట్టిగా నొక్కి రాసింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అలాగే రిజిస్టర్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది.

డ్రైవరు అద్దం దించాడు.

"అరవై రెండు," అంది.

అతను రిజిస్టర్ అడగలేదు. మళ్ళీ చెప్పమనీ అనలేదు. ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. చలికాలం మనిషి గొణుక్కుంటూ పెట్టె దించుకున్నాడు. గాలి అప్పటికే వీధిలోకి దిగి బోర్డులను ఊపుతోంది.

"లోపలికి పో చెల్లెమ్మా, చలిగా ఉంది" అన్నాడు డ్రైవరు.

రెండు గంటల రీడింగుకు ఇంకా బోలెడంత సమయం ఉంది. ఆవిడ పసుపు శాలువా కప్పుకుని వెళ్ళి సెట్టు ముందు కూర్చుంది.